కింది గది సంగతి

పిస్కాటవేలో మా ఇల్లు అమ్మేటప్పుడు, కొనడానికి వచ్చిన చైనా కుటుంబం నన్ను ఒక్క ప్రశ్న అడిగింది. "ఈ ఇంట్లో ఎవరైనా పోయారా?" అని. నేను లేదన్నాను. అప్పటికి మా అమ్మ ఆ ఇంట్లోనే, కింది గదిలో, పోయి మూడు నెలలు కూడా కాలేదు.

మేం ఇల్లు ఎందుకు మారామని అడిగిన స్నేహితులకు ఆఫీసు దూరమైందని చెప్పాను. కొందరికి పెద్ద ఇంటి చాకిరీ పడలేకపోతున్నామని చెప్పాను. అవేవీ నిజం కాదు. అసలు జరిగింది ఇది.

నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వచ్చేసింది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదు కనుక వంటింటి పక్క గది ఆమెది. మడీ ఆచారం పెద్దగా లేకపోయినా ఒక్క విషయంలో మాత్రం ఖండితంగా ఉండేది. మా పిల్లలు ఆమ్లెట్ వేసుకునే పెనం గరాజ్‌లో ఉండాలి, చిన్న కరెంటు పొయ్యితో సహా. "ఆ పెనం లోపలికొచ్చిందో, నేను వెళ్ళి గరాజ్‌లో పడుకుంటాను" అనేది. చలికాలంలో పిల్లలు కోట్లు వేసుకుని వెళ్ళి గుడ్లు వేసుకునేవాళ్ళు.

ఒకరోజు పొద్దున కాఫీ తీసుకుని వెళ్తే అమ్మ లేవలేదు. నిద్రలోనే పోయింది. కర్మ చేయించిన పంతులుగారు సమయం అడిగి, ఫోన్‌లో పంచాంగం చూసి, "ధనిష్ఠా నక్షత్రంలో పోయారండీ. ఆరు నెలలు ఇల్లు మూసెయ్యాలి" అన్నారు. ఇలాంటివి నేను నమ్మనని అందరితో అన్నాను. ఆ మరుసటి వారమే పక్క ఊరు ప్లెయిన్స్‌బరోలో అపార్ట్‌మెంట్ చూశాను. తీరా వచ్చేశాక ఆ ఇంటికి తిరిగి వెళ్ళాలనిపించలేదు.

అమ్మకానికి పెట్టినప్పుడు ఒక స్నేహితుడు సలహా ఇచ్చాడు. "మనవాళ్ళెవరూ కొనరు బాస్. గుళ్ళో అందరికీ తెలిసిపోయింది. చైనీస్ వాళ్ళకి చూపించు. వాళ్ళకి ఈ పట్టింపులుండవు."

నేనది నమ్మాను. అదే నా మొదటి తప్పు.

ఒక శనివారం ఆ దంపతులు వచ్చారు. అతను నాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నాకంటే చాలా చిన్నవాడు. వెంట వాళ్ళమ్మ ఉంది. చైనాలోని ఫూజియన్ నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటోంది. ఇంగ్లీషు నాలుగు ముక్కలు తప్ప రాదు. ఆమె గుమ్మంలో చెప్పులు విప్పి, గుడ్డ సంచిలోంచి పళ్ళెమంత గుండ్రటి దిక్సూచి తీసింది. ఏజెంట్ నావైపు చూసి నవ్వాడు. "మీవాళ్ళు కూడా ఇలాగే కంపాస్ పట్టుకునే వస్తారుగా!"

అంటే వీళ్ళకీ మనలాగే వాస్తు పట్టింపులున్నాయన్నమాట.

ఆమె గదిగదికీ తిరిగి, చివరికి కింది గదిలో ఆగింది. అమ్మ మంచం తీసేశాం, గోడకు రంగు వేయించాం. ఆమె ఆ గోడకు అరచెయ్యి ఆనించి, నన్నే చూస్తూ ఏదో అడిగింది. కొడుకు ఇబ్బందిపడుతూ ఇంగ్లీషులోకి మార్చాడు. "సారీ, అమ్మ పాతకాలం మనిషి. ఈ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడుగుతోంది. ఆవిడకి తెలుసుకోవాలని, అంతే."

వంటింట్లో నా భార్య గ్లాసులు కడుగుతోంది. కుళాయి చప్పుడు ఆగిపోయింది.

"లేదు" అన్నాను. "ఎవరూ పోలేదు."

పెద్దావిడ ఒక్క క్షణం నన్ను చూసి తలూపింది. మొహం తేటపడింది. సంచిలోంచి రెండు కమలాపళ్ళు తీసి, రెండు చేతులతో నాకు ఇచ్చింది. తీసుకున్నాను.

తిరిగి వస్తుంటే కార్‌లో నా భార్య అంది. "ఎవరూ పోలేదా? మరి అత్తయ్యగారు ఎక్కడ పోయినట్టండీ? రోడ్డు మీదా?"

"డీల్ పోయేది."

"పోతే పోయేది. ఆవిడ అంత మర్యాదగా అడిగింది."

ఇల్లు వాళ్ళు కొన్నారు. ఆ తర్వాత మూడేళ్ళు ఆ అబద్ధం నన్ను వదల్లేదు, ఎందుకంటే వాళ్ళు నన్ను వదల్లేదు. మా ఉత్తరాలు కొన్ని పాత అడ్రస్‌కే వచ్చేవి. తీసుకోవడానికి వెళ్తే పెద్దావిడ ఊరికే పంపేది కాదు. ప్రతిసారీ రెండు కమలాలు, రెండు చేతులతో. నేనూ రెండు చేతులతో అందుకోవడం నేర్చుకున్నాను. కింది గదిలోనే ఆవిడ పడుకుంటోందని తెలిశాక లోపలికి తొంగిచూడటం మానేశాను. కొడుకు నాకు స్నేహితుడయ్యాడు. లేఆఫ్‌ల గురించి, పిల్లల గురించి మాట్లాడుకునేవాళ్ళం. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఆ ఇంట్లో నన్ను అనుమానించినవాళ్ళు ఎవరూ లేరు. అదే కష్టంగా ఉండేది.

మూడో ఏడు, వాళ్ళ కొత్త సంవత్సరం ముందు రోజు మమ్మల్నిద్దరినీ భోజనానికి పిలిచారు. గుమ్మానికి ఎర్ర కాగితాలు. ఇల్లంతా ముందురోజే ఊడ్చేసి చీపురు దాచేశారు. పండుగ రోజున ఊడిస్తే అదృష్టం పోతుందట. కోడలికి నెలలు నిండాయి. కుర్చీలో కాళ్ళు చాపుకుని నవ్వుతూ కూర్చుంది.

మేం ఇంకా చీకటి పడకముందే వెళ్ళాం. వంటింట్లో, పొయ్యి ఎదురుగా, నేలమీద ఒక పొట్టి స్టూలు ఉంది. దానిమీద గిన్నెడు అన్నం, ఆకుకూర, బాగా వేగిన ఒక కోడికాలు, రెండు అగరొత్తులు. పెద్దావిడ వంగి దణ్ణం పెడుతోంది.

"ఇదేం పూజ?" అని అడిగింది నా భార్య.

కొడుకు చెప్పాడు. "మా ఊరి అలవాటు. మాకంటే ముందు ఈ చోట బతికిన వాళ్ళకి. ఇల్లు మొదట వాళ్ళదీ, మనం తర్వాత వచ్చాం అని. పండుగ వస్తే ముందు వాళ్ళకి పెట్టాలి. మీరు ఎవరూ పోలేదన్నారుగా, అమ్మకి అదే చెప్పాను. అయినా ఎప్పటి వాళ్ళో ఎవరో ఒకరు ఉంటారు, ఆకలితో ఉంచకూడదు అంటుంది."

"ఎన్నాళ్ళనుంచి పెడుతున్నారు?"

"వచ్చినప్పటినుంచీ. ప్రతి పండుగకీ. కోడికాలు మాత్రం తప్పకుండా ఉండాల్సిందే."

నా భార్య నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "అత్తయ్యగారికి... కోడికాలా!" అంది తెలుగులో. నవ్వో ఏడుపో ఆమెకే తెలిసినట్టు లేదు. గుడ్డు పెనాన్ని గుమ్మం దాటనివ్వని మనిషికి ఆమె వంటింట్లోనే మూడేళ్ళుగా కోడికాలు నైవేద్యం.

భోజనానికి ముందు పెద్దావిడ నన్ను చెయ్యిపట్టి కింది గదికి తీసుకెళ్ళింది, కొడుకు మా వెంటే వచ్చాడు. తన సామాను పైకి మార్చేసుకుంది. గదిలో కొత్త మంచం, పక్కన ఉయ్యాల. కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కారు, గాలి రాకుండా. పురుడయ్యాక నెలరోజులూ కోడలు ఈ గది దాటకూడదు. చన్నీళ్ళు ముట్టకూడదు. చెవులకు గాలి తగలకూడదు. మా పెద్దమ్మాయి పుట్టినప్పుడు అమ్మ నా భార్యకు చెవుల్లో దూది పెట్టి, తలకు గుడ్డ కట్టి చేసింది ఇదే. బాలింత, పసిబిడ్డ, ఆ గది. నేను నమ్మకపోవచ్చు. నమ్మే మనిషి నన్ను అడిగింది కదా, నేను లేదన్నాను కదా.

నా భార్య గుమ్మంలో నిలబడి నన్నే చూస్తోంది. నేను కొడుకు వైపు తిరిగి, "నీతో ఒక మాట చెప్పాలి" అన్నాను. "ఈ గదిలో, మా అమ్మ..."

అతను నవ్వుతూనే చెయ్యెత్తి ఆపాడు. "అమ్మల గురించి ఏదైనా విచారంగా చెప్పబోతున్నారా? ఇవాళ వద్దు. చావులూ జబ్బులూ ఇవాళా రేపూ ఈ ఇంట్లో ఎవరూ తలవకూడదు. తలిస్తే మా అమ్మ నన్ను బయటికి గెంటేస్తుంది."

నేను ఆగిపోయాను. గుండె తేలికపడింది. ఆ తేలికపడటమే ఇప్పటికీ నన్ను ఎక్కువ సిగ్గుపరుస్తుంది. బల్ల దగ్గర నన్ను వాకిలికి ఎదురుగా, పెద్దలు కూర్చునే చోట కూర్చోబెట్టారు. చేప తల నావైపు తిప్పి పెట్టారు. అది గౌరవమట. మాకోసం విడిగా టోఫూ, పుట్టగొడుగులు వండారు.

"వాళ్ళ ఆచారం మీకు బాగా కలిసొచ్చింది" అంది నా భార్య కార్ ఎక్కుతూ.

"వాళ్ళ పండుగ పదిహేను రోజులూ వెళ్ళాక చెప్తాను."

"పండుగ వెళ్ళేలోపు బిడ్డ వచ్చేస్తుంది. చూస్తూ ఉండండి."

అలాగే అయింది. తర్వాతి వారంలో మెసేజ్ వచ్చింది. ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం, మధ్యాహ్నం ఇంటికి తెస్తున్నాం అని. నేను మీటింగ్ మధ్యలో లేచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్ళాను. దారి పొడుగునా అతను ఇంకా ఆసుపత్రికి బయల్దేరకుండా ఉండాలనీ, బయల్దేరిపోయి ఉంటే బాగుణ్ణనీ, రెండూ అనుకున్నాను.

కొడుకు డ్రైవ్‌వేలో పసిపిల్ల కార్ సీటు బిగిస్తున్నాడు. నన్ను చూసి సంతోషంగా కావలించుకున్నాడు. నేను అక్కడే చెప్పేశాను. మా అమ్మ ఈ ఇంట్లోనే పోయిందని, కింది గదిలో అని, అడిగినప్పుడు అబద్ధం చెప్పానని.

అతను సీటు బెల్టు వదిలేశాడు.

"అమ్మ మీకు కమలాలు ఇచ్చినప్పుడల్లా గుర్తు రాలేదా?"

"వచ్చింది. ప్రతిసారీ."

"ఇది నేను ఆవిడకి చెప్పను. మీరే చెప్పండి. మీ నోటితో."

"ఆవిడకి ఇంగ్లీషు..."

"చెప్పండి. ముందు మీరు. ఆ తర్వాత నేను."

లోపల నువ్వులనూనె, అల్లం వాసన. పెద్దావిడ బాలింతకు కోడి కూర వండుతోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుని కమలాల బుట్టవైపు నడిచింది. వద్దని తలూపాను. గది చూపించాను. "మై మదర్" అన్నాను. "దిస్ రూమ్. షి డైడ్." ఆ మాటలు ఆవిడకు తెలుసు. చెయ్యి బుట్ట మీదే ఆగిపోయింది. మిగతాది కొడుకు చైనీస్‌లో చెప్పాడు, నావైపు చూడకుండా.

ఆవిడ పొయ్యి ఆపింది. ఏదో అడిగింది.

"ఎలా పోయింది అంటోంది."

"నిద్రలో. వయసు మీదపడి. మేమంతా ఇంట్లోనే ఉన్నాం."

అది విన్నాక ఆవిడ గొంతు లేచింది. కొడుకు ఒక్కో మాటా మార్చాడు. "ముసలితనంలో, పిల్లల ఇంట్లో, నిద్రలో. అది మంచి చావు. అందరూ కోరుకునే చావు. అలాంటిదాన్ని దాచి నువ్వు చెడ్డది చేశావు అంటోంది. అప్పుడే చెప్పి ఉంటే ఈ గదిలో ముందు ఆవిడకి దణ్ణం పెట్టి అడుగుపెట్టేదాన్ని అంటోంది."

ఆవిడ గదిలోకి వెళ్ళి కిటికీ సందుల్లోని గుడ్డలు ఒక్కొక్కటే లాగేసింది. పసిబిడ్డ విషయంలో ఎవరితోనూ పేచీ పెట్టుకోదట, పోయిన పెద్దలతో అసలే పెట్టుకోదట. మంచం, ఉయ్యాల పైకి మార్చమంది. కొడుకూ నేనూ మంచం మోసుకుంటూ మెట్లెక్కాం. మలుపు దగ్గర నా వేళ్ళు గోడకు నలిగాయి. అతను చూసి, ఎక్కుతూనే ఉన్నాడు.

దిగి వచ్చాక అన్నాను. "ఇంకొకటి కూడా ఆవిడకి తెలియాలి. మా అమ్మ మాంసం ముట్టేది కాదు. గుడ్డు కూడా."

అతను నన్ను చూసి, పొయ్యి దగ్గరి పొట్టి స్టూలును చూసి, తల్లితో చెప్పాడు. ఆవిడ నోటిమీద చెయ్యి పెట్టుకుంది. తర్వాత చిన్నగా, నాకు భాష రాకపోయినా అర్థమయ్యేంత బాధతో, ఒకే మాట అంది.

"మూడేళ్ళు నా చేత ఆవిడకి కోడి పెట్టించావా అంటోంది."

అప్పుడు నేను ఆ స్టూలు పక్కన, నేలమీద మోకాళ్ళూని, పెద్దావిడకు రెండు చేతులూ జోడించాను. ఇంగ్లీషులోనే, కొడుకు మార్చడానికి వీలుగా ఆగి ఆగి చెప్పాను.

"మీరు ఈ ఇంటికి వస్తూ మర్యాదగా ఒక్క మాట అడిగారు. నేను మీ కళ్ళలోకి చూసి అబద్ధం చెప్పాను. మా అమ్మ ఇక్కడ బతికింది, ఇక్కడే పోయింది. నేను ఆమెను లేదన్నాను. ఎవరో తెలియకుండానే మీరు ఆమెకు అన్నం పెట్టారు. తప్పు నాది, పూర్తిగా నాది. నన్ను క్షమించండి."