తలుపుల పెట్టె తరఫున

ఆ ఆఫీసులో ఆవిడను అందరూ తప్పులక్క అంటారు. ముఖం మీదే అంటారు, ఆవిడా పలుకుతుంది. బస్సులో బ్రేకులకూ లైట్లకూ తలుపులకూ వేర్వేరు కంప్యూటర్ పెట్టెలుంటాయి. అవన్నీ రెండు తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ మాటల్లో తప్పులు పట్టడం ఆవిడ ఉద్యోగం. అప్పట్లో సాఫ్ట్‌వేర్ రాసేది పక్క కుర్చీలో మొగుడు. ఆయన రాయాలి, ఈవిడ వంకలు పెట్టాలి: ఆఫీసులో జీతానికి, ఇంట్లో ఉచితంగా.

ఆ రోజుల్లో ఎంత కళకళలాడేదో ఆ గది! పొడవాటి బల్ల మీద బస్సును విప్పి పరిచినట్టుండేది. ఒక మూల స్పీడు మీటరు, ఇంకో మూల హెడ్‌లైట్లు, నడుమ చిక్కుపడ్డ జుట్టులా తీగలు. ఇండికేటరు వేస్తే వైపరు ఊగిన రోజున ఇద్దరూ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు.

"నేను సరిగ్గానే రాశాను, అంతా నీ చేతి మహిమ" అన్నాడాయన.

"అవునవును, తప్పెప్పుడూ తీగలదే కదా మరి!" అంది ఈవిడ.

తలుపుల పెట్టె తయారై రావడం ఎప్పుడూ ఆలస్యమే. ఈలోగా పని ఆగకూడదని, దాని తరఫున మాట్లాడే చిన్న ప్రోగ్రాం ఒకటి ఆయన రాసిపెట్టాడు. మిగతా పెట్టెలు తలుపును పలకరిస్తే, పక్కనున్న కంప్యూటరే "ఉన్నాను" అని జవాబిచ్చేది. లేనిది లేదని వాటికి తెలిసేదే కాదు.

ఆయన గుండెపోటుతో పోయి రెండేళ్ళయింది. ఆయన రాసినవన్నీ ఒక్కొక్కటే మారిపోయి, చివరికి ఈ చిన్న ప్రోగ్రామొక్కటే మిగిలింది. రోజూ పొద్దున్నే ఆవిడ ముందు దాన్నే నడిపేది. అది పలుకుతుంటే కాసేపు చూస్తూ కూర్చునేది. దిక్కుమాలిన ప్రోగ్రామే గానీ, ఆయన చేతి పని మరి.

మొన్న కొత్త బస్సుకు తలుపుల అసలు పెట్టె వచ్చింది. బిగించి పరీక్షిస్తే అన్నీ పాసు. తీరా ట్రయల్‌కు వెళ్ళిన బస్సులో తలుపులు తెరుచుకోక, పాపం డ్రైవరు కిటికీలోంచి దూకాడు.

ఆవిడకన్నా చిన్నదైన టీం లీడరు కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. "అక్కా, ఇక్కడ ఇంకా ఆ ప్రోగ్రామే జవాబు చెప్తోంది. అసలు పెట్టె మూగగా ఉన్నా మనకి తెలీలేదు. ఆపడం మర్చిపోయారా?"

"మర్చిపోలేదమ్మా. చేతులు రాలేదు."

లీడరు కీబోర్డు తన వైపు లాక్కుంది. "నన్ను తీసెయ్యమంటారా?"

తీసేస్తే ఆయన గుర్తుగా ఈ గదిలో ఇంకేమీ ఉండదు. ఉంచితే రేపు ఎవరి పిల్లలో ఆ బస్సులో చిక్కుకుంటారు.

"వద్దు, నేనే తీస్తాను."

తీసేసింది. వెంటనే ఎర్ర దీపాలు వెలిగాయి. పెట్టెలన్నీ తలుపు లేదు, తలుపు లేదని గోల పెట్టాయి. అలా గోల పెట్టే వీలు తనకెప్పుడూ దొరకలేదని ఆవిడకు అనిపించింది.

కళ్ళు తుడుచుకుని పనిలో పడింది. ఇంజను ఆపగానే అసలు పెట్టె నిద్రలోకి జారుకుంటోంది, మళ్ళీ ఎంత పిలిచినా లేవడం లేదు. సాయంత్రానికి సంగతి తేలిపోయింది. ఆనందం పట్టలేక ఆవిడ పక్క కుర్చీ వైపు తిరిగి, "ఏమండీ, దొరికింది!" అనేసింది.

ఇప్పుడా కుర్చీలో కూర్చునే ప్రోగ్రామరు తలెత్తాడు. "ఏం దొరికిందక్కా?" అన్నాడు.

ఆవిడ చెప్పబోయింది. బల్ల మీద తల వాల్చి, ఆయన పోయాక మొదటిసారి, అందరి ముందూ భోరుమంది.