మేస్త్రీ ఖాళీగా వదిలిన వరుస

మీ తరఫున నేను చెబుతానని ఒక మనిషికి మాట ఇచ్చి, చెప్పాల్సిన చోట నోరు మూసుకుని కూర్చున్నాను. అది జరిగి ముప్పై ఏళ్ళు దాటింది. ఆ మనిషి పోయిన మంగళవారం పొద్దున కన్నుమూశారు. కూతురు ఫోన్ చేసింది.

"మాస్టారండీ, నాన్న వెళ్ళిపోయారండి. ఊపిరితిత్తులు. దుమ్మువల్లేనన్నారు డాక్టర్లు."

ఆయన డీజిల్ ఇంజన్ల మేస్త్రీ. మా ఊళ్ళో పాత డీజిల్ కార్లన్నీ ఒకప్పుడు ఆయన షెడ్డుకే వెళ్ళేవి. తర్వాత ఒక్కటీ వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదో పూర్తిగా తెలిసినవాళ్ళలో ఇక మిగిలింది ఇద్దరమే.

పోయినవాళ్ళ మీద వ్యాసాలు నేను చాలా రాశాను. బతికుండగా వాళ్ళలో సగం మందిని పలకరించిన పాపాన పోలేదు. ఇది ఆ వరసలో రాసే ఓపిక నాకు లేదు.

ఇంజన్ పట్టేసిందని ఎవరైనా కారు లాగించుకుని వస్తే మేస్త్రీ ముందు పానా పట్టేవారు కాదు. యజమానిని స్టూలు మీద కూర్చోబెట్టి అడిగేవారు. ఎక్కడ ఆగింది, పొగ తెల్లగా వచ్చిందా నల్లగా వచ్చిందా, చప్పుడు ఎన్నాళ్ళనుంచి ఉంది. ఏం చెప్పినా తర్వాతి ప్రశ్న ఒకటే: "దానికి ముందు ఏం జరిగింది?"

ఇంజన్ విప్పాక ఒక్క ముక్కనూ కడగనిచ్చేవారు కాదు. "కడిగితే సాక్ష్యం పోద్ది" అనేవారు. ఆయిల్ ఫిల్టరును రంపంతో కోసి, లోపలి కాగితాన్ని ఎండలో పరిచి, అందులో మెరిసే రజనును వేలితో రుద్ది చూసేవారు. తెల్లగా మెరిస్తే పిస్టన్ అరిగిందని, రాగిరంగులో మెరిస్తే బేరింగులు పోయాయని చెప్పేవారు. అంతటితో ఆగేవారు కాదు.

"విరిగింది దొంగ కాదు మాస్టారూ, సాక్షి. దొంగ ఎక్కడో ఎనకాల ఉంటాడు."

ఒకసారి జిన్నింగు మిల్లు యజమాని వచ్చాడు. పిస్టన్లు నాసిరకానివి వేశాడని పాత మెకానిక్కును నోరారా తిడుతున్నాడు. మేస్త్రీ పిస్టన్‌ని చేతిలో తిప్పి చూశారు. చుట్టూ గీరుకుపోయి ఉంది. కారు దగ్గరకు వెళ్ళి రేడియేటర్ ముందు చెయ్యి పెట్టారు. గుప్పెడు పత్తి నూగు ఊడివచ్చింది.

"దుప్పటి కప్పారేందండీ దీనికి? చలేసిందా?"

షెడ్డంతా నవ్వింది. గాలి ఆడక ఇంజన్ కాగిపోయింది. ఏ పిస్టన్ వేసినా అంతే అయ్యేది. మిర్చి యార్డులో తిరిగే కార్ల ఎయిర్ ఫిల్టర్ విప్పిన రోజు మాత్రం ఎవరమూ నవ్వేవాళ్ళం కాదు. తుమ్మడంతోనే సరిపోయేది.

దొరికిన కారణాన్ని ఆ పాడైన ముక్క మీదే తెల్ల రంగుతో రెండు వరుసల్లో రాసి బల్ల మీద పెట్టేవారు. మిల్లు కారు పిస్టన్ మీద "వేడి" అని, దాని కింద "దానికి ముందు: పత్తి" అని ఉండేది. నేను జీవితమంతా పుస్తకాలు చదివాను. ఇంత పొదుపుగా రాసినవాణ్ణి ఇంకొకణ్ణి చూడలేదు.

అప్పుడు నేను మా ఊరి ప్రైవేటు కాలేజీలో తెలుగు లెక్చరర్ని. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. కాలేజీ కరస్పాండెంట్ గారి ఉపన్యాసాలు నేనే రాసిపెట్టేవాణ్ణి. ఆయన్ని గొప్ప పండితుడనుకుని చప్పట్లు కొట్టినవాళ్ళు కొట్టింది నా వాక్యాలకు. ఆయన బతికుండగా ఈ మాట అనడానికి నాకు గుండె చాల్లేదు, పోయాక అంటున్నాను. సింగరాయకొండ సాహిత్య సభలో నాకు సన్మానమంటే, తన డీజిల్ కారు ఇచ్చి, తోలడానికి బావమరిదిని పంపారు. ఆ కారు ఇంజన్‌ని మేస్త్రీ వారం ముందే విప్పి బాగుచేశారు.

ఆ రోజు తుఫాను వాన. దారిలో వాగు రోడ్డు మీదుగా పారుతోంది. నడిమధ్యకు వెళ్ళాక కారు ఆగిపోయింది. దాన్ని తోసి, నీళ్ళు కార్పించి, మళ్ళీ స్టార్టు చేసేసరికి పొద్దు వాలింది. మేం చేరేటప్పటికి సభ ముగిసింది. నా శాలువా ఇంకెవరికో కప్పేశారు.

మూడు వారాల తర్వాత ఆ కారు గుంటూరు రోడ్డు మీద పెద్ద చప్పుడుతో ఆగింది. పిస్టన్‌ని పట్టుకునుండే రాడ్డు విరిగి, ఇంజన్‌ని బద్దలుకొట్టుకుని బయటికి వచ్చింది. మేస్త్రీ సరిగ్గా బిగించలేదని కరస్పాండెంట్ గారు పది చోట్ల అన్నారు. ఊరు నమ్మింది.

మేస్త్రీ నన్ను షెడ్డుకు పిలిచి ఇంజన్ చూపించారు. సిలిండర్ గోడ మీద పిస్టన్ ఆగే చోట నల్లటి మసి గీత ఉంటుంది. మూడింటిలో అది ఒకే ఎత్తున ఉంది. నాలుగోదాంట్లో కొద్దిగా కిందికి ఉంది.

"చూడండి. ఈ రాడ్డు విరక్కముందే వంగింది. వంగి పొట్టిదైంది గనక పిస్టన్ పైదాకా పోవట్లా. అట్టా తిరిగీ తిరిగీ విరిగింది. గాలిని నొక్కొచ్చు మాస్టారూ, నీళ్ళని నొక్కలేం. నీళ్ళు లోపలికెళ్తే రాడ్డే వంగుద్ది. కారు నీళ్ళల్లో దిగిందా?"

"దిగింది."

"ఆ మాట కరస్పాండెంట్ గారి ముందు చెప్తారా?"

"నేను చెబుతాను. మీరు దిగులుపడకండి."

దానికి ముందు ఏం జరిగిందని ఆ ఒక్కసారి ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు.

కరస్పాండెంట్ గారి గదిలో నాకు కుర్చీ వేశారు. మేస్త్రీ నిలబడ్డారు. బల్ల మీద కాగితం పరిచి వంగిన రాడ్డు ముక్క పెట్టారు.

"నువ్వు బిగించిన ఇంజనే గదయ్యా! నెల తిరక్కుండా బద్దలైతే, నీళ్ళంటావా?" అని, కరస్పాండెంట్ గారు బావమరిది వైపు తిరిగారు. "ఏరా, నీళ్ళల్లో దించావా కారు?"

"లేదు బావా," అన్నాడతను, కిటికీలోంచి చూస్తూ.

మేస్త్రీ నా వైపు చూశారు. ఒక్కసారే. నేను కరస్పాండెంట్ గారి మర్నాటి ఉపన్యాసం కాగితాలు సర్దుకుంటున్నాను. మేస్త్రీ నా పేరెత్తలేదు. ముక్కను కాగితంలో చుట్టుకుని, "వస్తానండి" అని వెళ్ళిపోయారు.

ఆ వేసవిలో నా ఉద్యోగం ఖాయమైంది. ఆ వేసవిలోనే మేస్త్రీ షెడ్డు ఎత్తేసి చీమకుర్తి వెళ్ళారు. గ్రానైటు లారీల ఇంజన్లు బాగుచేస్తూ, ఆ రాతిపొడిలోనే మిగతా జీవితం గడిపారు.

చాలా ఏళ్ళ తర్వాత, నేను కొన్న పాత డీజిల్ కారు పొగ కక్కుతుంటే ఆయన దగ్గరకు వెళ్ళాను.

"రండి మాస్టారూ, కూర్చోండి" అన్నారు, నిన్న సాయంత్రం విడిపోయినట్టు.

బల్ల మీద ఆ రాడ్డు ముక్క ఉంది. పైన "నీళ్ళు" అని ఉంది. కింద "దానికి ముందు:" అని ఉంది. ఆ పక్కన ఏమీ లేదు.

"ఇది రాయలేదేం మేస్త్రీ?"

ఆయనకు దగ్గు వచ్చింది. తగ్గాక అన్నారు: "కారు తోలినాయన, లేదన్న రోజు సాయంత్రమే మా షెడ్డుకొచ్చి, ఏడ్చి, అంతా చెప్పాడు లెండి. అది మాత్రం నేను రాసేది కాదు."

ఆ తర్వాత ఎన్నోసార్లు వెళ్ళాను. పొగ గురించి, ఆయిల్ గురించి మాట్లాడుకున్నాం.

మొన్న చీమకుర్తి చర్చిలో జ్ఞాపక కూడిక పెట్టారు. పాస్టర్ గారు, "మేస్త్రీ గారి గురించి సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి" అన్నారు. వాళ్ళ దగ్గర సాక్ష్యమంటే తన బతుకులో జరిగినదాన్ని నలుగురిలో నిలబడి ఒప్పుకోవడం. లారీ డ్రైవర్లు లేచి చెప్పారు. కరస్పాండెంట్ గారి బావమరిది కూడా వచ్చాడు. కర్ర ఊతంతో లేచి, "ఆ రోజు నేను అబద్ధం చెప్పానండి, ఈయన తప్పు లేదు" అని కూర్చున్నాడు. నా మాట ఎత్తలేదు. ముప్పై ఏళ్ళుగా పిరికివాడని నేను తీసిపారేసిన మనిషి అతను.

పెద్దవాణ్ణని అక్కడ కూడా నాకు కుర్చీ వేశారు. అక్కడ కూడా కూర్చునే ఉన్నాను.

వచ్చేటప్పుడు కూతురు ఆ రాడ్డు ముక్కను నా చేతిలో పెట్టింది. "మీకిమ్మన్నారండి."

ఇప్పుడది నా పుస్తకాల మధ్య ఉంది. ఆయన నేర్పిన దారినే వెనక్కి నడిచాను. ఊపిరితిత్తులు. దానికి ముందు రాతిదుమ్ము. దానికి ముందు చీమకుర్తి. దానికి ముందు ఆ గది, నాకు వేసిన కుర్చీ. దానికి ముందు వాగు. వాగు ఒడ్డున బావమరిది కారు ఆపి, "నీళ్ళెక్కువున్నాయి మాస్టారూ, ఎనక్కి పోదాం" అన్నాడు. శాలువాకు ఆలస్యమైపోతుందని, "ఏం కాదు, పోనివ్వండి" అన్నాను.

ఇవాళ పొద్దున చిన్న డబ్బాలో తెల్ల రంగు తెప్పించాను. మేస్త్రీ చేతిరాత గుండ్రంగా, నిలకడగా ఉంటుంది. నా అక్షరాలు ఇనుము వంపు వెంట కిందికి జారాయి. అయినా చదవడానికి వీలుగానే ఉన్నాయి.

దానికి ముందు: తెలుగు మాస్టారు.