జాడీ మీద చీటీ

ఆకుల పెద్దమ్మ ముప్పై ఏళ్ళుగా మందాకులను ఉప్పునీటిలో పులియబెట్టి, అరుగుదలకు మంచిదని అమ్ముతోంది. రోజూ పొద్దున్నే మూతలు వదులుచేసి, గాలి పోనిచ్చి, జాడీకో ఆకు నమిలి చూస్తుంది. అల్లుడు కిందటి వారం జాడీలకు చీటీలు అంటిస్తే, చదువురాని ఆమె అవి ఆకుల పేర్లనుకుంది.

ఇవాళ దర్జీ వచ్చాడు.

"పెద్దమ్మా, 'షుగర్ మాయం' అని రాశారుగా, మాత్రలు మానేశా."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. చీటీని గోళ్ళతో గీకేస్తూ అల్లుణ్ణి కేకేసింది.

"బుద్ధుందా నీకు? మనుషుల్ని చంపుతావా?"

"అందరూ అలాగే రాస్తున్నారు అత్తయ్యా," అల్లుడు నసిగాడు.

పెద్దమ్మ సొరుగు లాగి, మాత్రల అట్ట అతని ముందు విసిరికొట్టింది.

"ఈ ఆకు నాకంటే ఎక్కువ తిన్నదెవరయ్యా? మరి ఈ షుగర్ మాత్రలు ఎవరివి?"