అక్క మర్చిపోయిన మాట

మా పెద్దమ్మ కూతురికి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు 'కదలకు'. ఒక ఫోటో స్టూడియో వెనక గదిలో పాస్‌పోర్ట్ ఫోటోలు తీయడం అక్క పని. తెల్లగుడ్డ ముందు స్టూలు మీద ఎవరు కూర్చున్నా అవే మాటలు: "గడ్డం కొంచెం దించండి. కదలకండి." క్లిక్‌మనగానే, "అయిపోయింది." ఆ చివరి మాట పడేదాకా మనుషులు ఊపిరి కూడా పీల్చరు. ఒకసారి నేను కూర్చున్నప్పుడు ముక్కు దురద పెట్టినా చెయ్యి లేవలేదు. అప్పుడు పడీపడీ నవ్వాను గానీ, ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది.

కిటికీ కూడా లేని ఆ గదిలోంచి ఎలాగైనా బయటపడాలని అక్క ఆశ. పెళ్ళి ఫోటోలు తీసే ఆయన కాలు విరగ్గొట్టుకోవడంతో ఓనర్ అక్కని పిలిచాడు.

"ఇది బాగా తీశావంటే ఇకమీద పెళ్ళిళ్ళన్నీ నీవే. చెడగొట్టావో, ఆ స్టూలూ ఆ గుడ్డా నువ్వూ!"

లైటు పట్టుకోవడానికి నేను ఎగురుకుంటూ వెంట వెళ్ళాను.

పట్టపగలు. హాలు కిటకిటలాడుతోంది. స్టేజీ మీద పెళ్ళికూతురి తరఫు వాళ్ళందరితో గ్రూప్ ఫోటో. ఒకరు ఇటు చూస్తే ఇంకొకరు అటు తిరుగుతారు.

"నా బట్టతల మెరవకుండా తియ్యమ్మా!" అన్నాడు పెళ్ళికూతురి మేనమామ.

"మీలో మెరిసేది అదొక్కటే, రానివ్వండి" అంది ఆయన భార్య.

అందరూ గొల్లుమన్నారు. అక్కకి చెమటలు పట్టాయి. ఇక లాభం లేదని, వెనక గది గొంతుతో గట్టిగా అంది. "అందరూ ఇటు చూడండి. గడ్డం కొంచెం దించండి. కదలకండి."

నొక్కింది. ఫోటో పడింది, అంతలోనే కెమెరా ఆగిపోయింది. బ్యాటరీ ఖాళీ.

"చచ్చాం, రావే!" అంటూ అక్క చెయ్యి పట్టి లాగేదాకా నేనూ కదల్లేదు.

బ్యాగు పెళ్ళికూతురు ముస్తాబైన గదిలో ఉంది. ఇద్దరం పరిగెత్తాం. దాని మీద ఎవరో సూట్‌కేసులు పేర్చేశారు. అవన్నీ దించి, బ్యాటరీ వెతికి, మార్చేసరికి చాలాసేపే పట్టింది.

"ఏంటే, మైకు కట్టేశారా?" అంది అక్క.

మైకు ఒక్కటే కాదు. బయట అసలు చప్పుడే లేదు.

హాల్లోకి వచ్చాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఇంకేదీ కదలడం లేదు. స్టేజీ మీద వాళ్ళు మేం వదిలి వెళ్ళినట్టే ఉన్నారు. కింద కుర్చీల్లో వాళ్ళు కూడా మెడలు ఇటు తిప్పి, గడ్డాలు కొంచెం దించి కూర్చున్నారు. ఒకాయన చేతిలో గ్లాసు ఒరిగి నీళ్ళు ప్యాంటు మీద కారిపోతున్నాయి. ఒక చంటిపిల్ల నోరు తెరుచుకుని ఉంది, ఏడుపు మాత్రం రావడం లేదు. మేనమామ చెంపల మీద కన్నీళ్ళ చారలు. రెప్ప వాల్చడం లేదు.

నేను అక్క చెయ్యి గుంజాను. "అక్కా... నువ్వు ఆ మాట చెప్పలేదు."

అక్క స్టేజీ ముందుకి పరిగెత్తి అరిచింది.

"అయిపోయింది."

హాలంతా ఒక్కసారిగా ఊపిరి పీల్చింది. చంటిపిల్ల గుక్కపెట్టింది. గ్లాసాయన ప్యాంటు చూసుకుని పక్కవాణ్ణి తిట్టడం మొదలుపెట్టాడు. మేనమామ చెంపలు తుడుచుకుంటూ, "అప్పుడే అయిందా? ఇంకోటి తియ్యమ్మా!" అన్నాడు.

ఎవరికీ ఏమీ తెలియలేదు, పెళ్ళికూతురికి తప్ప. ఆ అమ్మాయి గబగబా మెట్లు దిగి వచ్చి అక్క చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికెళ్ళిపోయారు? ఇక రారేమో అనుకున్నా. మా అమ్మ పక్కనే ఉంది, పిలుద్దామంటే నోరు కదల్లేదండీ. ఇంకెప్పుడూ అలా అనకండి."

"అననమ్మా" అంది అక్క.

అనలేదు. సాయంత్రం దాకా నోరు మెదపకుండానే ఫోటోలు తీసింది. ఎవరు కళ్ళు మూసినా, ఎవరు పక్కకి తిరిగినా అలాగే నొక్కింది.

మర్నాడు ఓనర్ ఆ ఫోటోలు చూస్తూ తల పట్టుకున్నాడు. గ్రూప్ ఫోటో దగ్గర మాత్రం ఆగిపోయాడు.

"అబ్బ! ఒక్క రెప్ప వాలలేదు, ఒక్క తల తిరగలేదు. ఇది తీసిన చెయ్యేనా మిగతావి తీసింది? సరే, వచ్చేవారం ఇంకో పెళ్ళి ఉంది. అన్నీ ఇలాగే తీస్తానను, నిన్నే పంపిస్తా."

అక్క ఆ ఫోటో వైపు చూడలేదు. "వద్దు సార్. వెనక గదిలోనే ఉంటాను."

"పిచ్చా నీకు? బయటికి పంపమని ఇన్నాళ్ళూ నా ప్రాణం తీశావు కదా!"

"అక్కడైతే ఒక్కరే ఉంటారు సార్" అంది అక్క. "నా ఎదురుగానే ఉంటారు."