నల్లరాతి దుమ్ము

ఎనభైల మొదట్లో నేను కుప్పం వైపు ఒక హైస్కూల్లో సోషల్ అయివారుగా పనిచేశాను. కొన్ని దేశాలు ఎందుకు ధనికంగా ఉన్నాయి, కొన్ని ఎందుకు పేదగా ఉన్నాయి అని పదో తరగతికి ఒక పాఠం చెప్పాల్సి వచ్చేది. ఖనిజాలు, వాతావరణం, యంత్రాలు, జనాభా అని నాలుగు కారణాలు బోర్డు మీద రాసేవాణ్ణి. పిల్లలు అవే రాసి పాసయ్యేవాళ్ళు. కిటికీలోంచి చూస్తే గుట్ట మీద క్వారీ కనిపించేది. అక్కడి నల్లరాతి దిమ్మెలు లారీల మీద మద్రాసు రేవుకు పోయి ఓడలెక్కేవి. ఆ గుట్టకూ నా పాఠానికీ సంబంధం ఉందని ఎన్నడూ అనుకోలేదు.

ఒక ఆదివారం క్వారీ యజమాని నాకు కారు పంపించాడు. ఇటలీ నుంచి రాయి కొనే ఆయన వచ్చాడట. యజమానికి తెలుగు, తమిళం తప్ప ఇంకో భాష రాదు. నేను ఇంగ్లీషులో అటూ ఇటూ చెప్పాలి. నా బతుకులో నా కోసం కారు రావడం అదే మొదటిసారి. ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను.

అక్కడ ఒక రాతిపనివాణ్ణి చూశాను. నలభై ఏళ్ళుంటాయేమో. ఒంటి మీద, కనుబొమ్మల మీద, చెవుల్లో కూడా బూడిదరంగు దుమ్ము. కొనే ఆయన ఒక పెద్ద దిమ్మె మీద చెయ్యి పెట్టి, ఇది బాగుంది, ఇదే కావాలన్నాడు. ఆ పనివాడు సుత్తితో రెండుచోట్ల మెల్లగా కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఇది వద్దని సెప్పు అయివారా. లోపల సీలిక ఉండాది. కోసేటప్పుడు రెండుగా పోతుంది."

యజమాని మొహం ముడుచుకున్నాడు గానీ నేను అప్పటికే చెప్పేశాను. కొనే ఆయన చెంబుడు నీళ్ళు తెప్పించి రాతి మీద పోయించాడు. పైతడి ఆరిపోతుంటే ఒక్కచోట మాత్రం వెంట్రుక మందాన తడి గీత నిలిచింది. ఆయన ఆ పనివాడి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"ఈ రాళ్ళతో వాళ్ళేం సేస్తారో అడుగు అయివారా," అన్నాడు పనివాడు.

ఎక్కువగా సమాధుల మీద పెడతామని జవాబు వచ్చింది. పనివాడు ఇంకో మాట అడిగాడు.

"మా మాదిరి రాయి కొట్టేటోళ్ళు వాళ్ళ దేశంలో ఉండారా? యట్లా బతుకుతారో అడుగు."

కొనే ఆయన అక్కడే ఒక దిమ్మె మీద కూర్చున్నాడు. తన తండ్రి కూడా రాయి కొట్టినవాడేనని చెప్పాడు. ఆ కాలంలో వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళు దుమ్ము పీల్చి యాభై దాటకుండానే పోయేవాళ్ళట. తండ్రీ అలాగే పోయాడట. తర్వాత పనివాళ్ళంతా ఒక్కటై పని ఆపేశారట. ఎన్నో ఏళ్ళు కొట్లాడాక, దుమ్ము లేవకుండా, నీళ్ళు పెట్టే రాయి తొలవాలని చట్టం వచ్చిందట. చెప్పడం ముగించి నన్ను అడిగాడు:

"ఇక్కడ నీళ్ళు పెట్టి తొలుస్తారా? ముక్కుకు కట్టుకోవడానికి ఏమైనా ఇస్తారా?"

యజమానిని పక్కకు పిలిచి తెలుగులో చెప్పాను. ఆయన కళ్ళు చిట్లించాడు. "అన్నీ ఉండాయని సెప్పప్పా. ఈ పొద్దు ఆదివారమని తీసిపెట్టినామని సెప్పు."

తిరిగొచ్చి, అన్నీ ఉన్నాయని కొనే ఆయనకు చెప్పాను. నాకు భయమేమీ లేదు, లాభమూ లేదు. కారు పంపించి పిలిపించాడే అన్న మొహమాటం, అంతే.

"దొర ఏమడిగినాడు?" అన్నాడు పనివాడు.

"పని బాగుందన్నాడు," అన్నాను. ఆయన సంతోషంగా నవ్వాడు.

మూడేళ్ళ తర్వాత ఆ పనివాడి భార్య బడికి వచ్చింది. మొగుడికి దగ్గు తగ్గడం లేదు, టీబీ అనుకుని నెలల తరబడి మాత్రలు మింగించినా గుణం లేదు, ఇంగ్లీషు తెలిసినవాళ్ళు తోడొస్తే పెద్ద డాక్టరుకు చూపించుకుంటామంది. ఆయన్ను చిత్తూరుకు తీసుకుపోయాను. బస్సు దిగి పది అడుగులు వేస్తే నిలబడిపోయేవాడు. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఇది టీబీ కాదు, రాతిదుమ్ము, దీనికి మందు లేదన్నాడు. క్వారీలో పనిచేసినట్టు రుజువుంటే పరిహారం అడగవచ్చన్నాడు.

ఆ రుజువు కోసం క్వారీకి వెళ్తే యజమాని నన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. "ఆయప్ప మా దగ్గర పనిచేసినట్టు యాడుండాది అయివారా? మా పుస్తకంలో మేస్త్రీ పేరొక్కటే ఉంటుంది."

అది నిజమే. పన్నెండేళ్ళు ఆ గుట్ట మీద పనిచేసిన మనిషి ఏ కాగితంలోనూ లేడు.

కొనే ఆయన ఆ రోజు ఇచ్చిన కార్డు నా దగ్గరుంది. రాతిదుమ్ము జబ్బు సంగతి చెప్పి, ఈ మనిషి ఆ క్వారీలో పనిచేస్తుంటే చూశానని ఒక ముక్క రాసివ్వమని ఉత్తరం రాశాను. జవాబు రాదనుకున్నాను. రెండు నెలలకు వచ్చింది. ఆ మనిషి బాగా గుర్తున్నాడనీ, అలాంటి చెవి తాను ఎక్కడా చూడలేదనీ రాసి సంతకం చేశాడు. కింద ఇంకో మాట కూడా ఉంది. అక్కడ నీళ్ళు పెట్టే తొలుస్తారని మీరు నాకు చెప్పారు కదా, మరి ఈ జబ్బు ఎలా వచ్చిందో తెలియడం లేదు, అని.

ఆ కాగితాన్ని వారం రోజులు ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాను. చివరికి లేబర్ ఆఫీసుకు తీసుకుపోయి, పరిహారం అర్జీతో పాటు ఇచ్చాను. ఆఫీసరు రెండుసార్లు చదివి నా వైపు చూశాడు.

"నీళ్ళు పెడతారని మీరే సెప్పినారంట గదా సార్. ఇది వాళ్ళ వకీలు చేతిలో పడితే మీ కేసు నిలవదు."

ఆ రోజు అబద్ధం చెప్పానని రాసిస్తానన్నాను. రాసిచ్చాను కూడా. దాని మీద ఏ కదలికా రాలేదు.

పనివాడి ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. అప్పటికి పడుకుంటే ఊపిరాడక, గోడకు ఆనుకుని కూర్చునే ఉండేవాడు. నా మాటలు పూర్తయ్యాక అడిగాడు.

"నువ్వు నిజం సెప్పింటే నీళ్ళు పెట్టుండేవాళ్ళా?"

"తెలీదు."

"ఆ దొర వాళ్ళ నాయన సంగతి సెప్పినప్పుడు," అని ఆగి, ఊపిరి తీసుకుని, "వాళ్ళంతా పని ఆపేసినారని నాకు సెప్పలేదే నువ్వు," అన్నాడు.

చెప్పలేదు. తండ్రి కూడా రాయి కొట్టేవాడట అని మాత్రమే చెప్పి, మిగతాది వదిలేశాను. యజమాని పక్కనే ఉన్నాడు కదా.

ఇటలీవాళ్ళ దగ్గర ఉన్నదీ మన దగ్గర లేనిదీ రాయి కాదని నాకు అప్పుడు తెలిసింది. అక్కడ తండ్రులు ఎట్లా చనిపోయారో కొడుకులకు తెలుసు. ఇక్కడ తెలియకుండా నాబోటివాళ్ళం అడ్డు నిలబడి ఉన్నాం, మర్యాదగా, ఇస్త్రీ చొక్కాలతో. ఇది పాఠంలో లేదు. ఉన్నా నేను చెప్పి ఉండేవాణ్ణి కాదేమో.

ఆ ఎండాకాలంలోనే ఆయన పోయాడు. మట్టి చేసి వచ్చిన నాలుగో రోజుకే భార్య కంకర కొట్టే పనిలో చేరింది. బడికి పోతూ ఆమెకు ఎదురయ్యాను. దుమ్ము లేస్తుంది, ముక్కుకు గుడ్డ కట్టుకోమ్మా అన్నాను. కొంగు అడ్డం పెట్టుకుంటానులే సామీ అని చెప్పి, గంప నెత్తిన పెట్టుకుని గుట్టెక్కింది.