మా ఆయన లక్ష్యాలు, మా అత్త ఒడియాలు

మా ఆయనకు ప్రపంచం మీద ప్రేమ ఎక్కువ. కోయిలకుంట్లలో మా కిరాణా అంగట్లో కూర్చుని, ఏ దేశం ఎండలోంచి ఎంత కరెంటు తీస్తోందో, ఏ దేశం గాలిలోంచి తీస్తోందో, ఎవరు ఏ సంవత్సరానికి బొగ్గు మానేస్తామని మాటిచ్చారో గడగడా చెబుతాడు. కందిబ్యాళ్ల ధర అడిగితే మాత్రం నన్ను కేకేస్తాడు. ఫోన్లో వచ్చే రంగురంగుల గీతల్లో మన దేశం గీత కాస్త పైకి లేస్తే, తానే భుజం పట్టి లేపినట్టు మీసం తడుముకుంటాడు.

"రెండు వేల డెబ్బైకి మన దేశంలో పొగనేదే ఉండదమ్మా" అని ఒకరోజు అన్నం తింటూ మా అత్తకు చెప్పాడు.

"అంతదాకా నేనుండనులే నాయనా. పప్పు వేసుకో" అంది ఆమె.

దేశం ఒక్కటే కష్టపడితే చాలదని, తన వంతుగా మా మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించాడు. ఊళ్లో వాటిని అద్దాలంటారు. మిద్దె చిన్నది. నీళ్ల ట్యాంకు పోగా మిగిలిన చోటంతా అద్దాలకే సరిపోయింది.

ఆ చోటు మా అత్తది. మిద్దె వేసేటప్పుడు నీళ్లు మోసి తడిపింది ఆమే. ఏటా ఎండాకాలం అక్కడే ఒడియాలు పెట్టేది. మా అంగట్లో అన్నీ బయటి నుంచి తెచ్చి అమ్మేవే, ఇంటి చేత్తో చేసినవి ఆ ఒడియాలొక్కటే. పక్క ఊళ్లవాళ్లు కూడా వచ్చి "అవ్వ ఒడియాలు ఉండాయా?" అని అడిగేవాళ్లు. మా మామ పోయాక ఇంట్లో ఆమె మాట చెల్లే పని అదొక్కటే మిగిలింది.

"మరి ఒడియాలు యాడ పెట్టాల?" అని అడిగింది.

"అద్దాల కింద శానా జాగా ఉండాదమ్మా. చల్లగా ఉంటాది, ఆడ పెట్టుకో" అన్నాడు.

డిగ్రీ చదివిన మనిషి, ఒడియాలకు చల్లని చోటు చూపించాడు. కొడుకు మాట తీసెయ్యలేక పెట్టింది. బూజు పట్టి గంపెడు ఒడియాలు పక్కింటి బర్రెకు పోయాయి.

మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. మా ఎండ సంగతి చెప్పేదేముంది, గచ్చు మీద కాలు పెట్టలేం. నెత్తిమీద అద్దాలు ధగధగా మెరుస్తున్నాయి, కింద ఫ్యాను రెక్క కదలదు.

"మన కరెంటు మనకుంటాదనే కదా ఇవి పెట్టింది?" అని అడిగాను.

లైను ఆగితే ఇవీ ఆగిపోతాయని, లైను మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా అట్లా పెట్టారని, బ్యాటరీ ఉంటే వేరే సంగతని, చెమటలు కారుతుండగా చాలాసేపు వివరించాడు. పెట్టించేటప్పుడు ఆ ముక్క ఆయనకూ తెలియదని మొహమే చెబుతోంది.

అత్త అంతా విన్నది. ఆమెకు అర్థమైందల్లా, కరెంటు లేనప్పుడు ఆ అద్దాలు ఊరికే ఉంటాయని. పాత పంచె తడిపి వాటి మీద పరిచి, పిండి గట్టిగా కలిపి ఒడియాలు పెట్టేసింది. కాగిన అద్దం మీద ఎండినంత బాగా అవి ఏనాడూ ఎండలేదు. కరెంటు వచ్చాక కూడా ఆమె తీయలేదు. మరుసటి రోజు ఇంకో పంచె పరిచింది.

మా అద్దాలు ఎంత కరెంటు తీస్తున్నాయో ఫోన్లో చూపించే మా ఇంటి గీత కింద పడింది. మా ఆయన కంగారుపడి అద్దాలు బిగించిన మనిషిని పిలిపించాడు. అతను మిద్దెక్కి, నోట్లో ఏదో నములుతూ దిగాడు.

"అద్దాలకేం కాలేదన్నా. ఒడియాలు సగమే ఎండినాయి గానీ శానా బాగుండాయి" అన్నాడు.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. మా ఆయన మొహం ఎర్రబడింది. "ఇట్ల గుడ్డలు కప్పితే లక్ష్యం ఎప్పుడు చేరతామమ్మా? బయట దేశాలోళ్లు ఎట్ల చేస్తాండారో చూడు" అని ఫోను ఆమె ముందు పెట్టాడు.

అత్త ఆ గీతలన్నీ ఓపికగా చూసింది. "ఈ దేశాలోళ్లు ఒడియాలు యాడ ఎండబెడతాండారు నాయనా?" అంది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని అంగట్లోకి వెళ్లిపోయాడు.

మరుసటి రోజు మిద్దె తలుపుకు తాళం పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన చొక్కా జేబులోంచి తాళంచెవి తెచ్చి అత్త చేతిలో పెట్టాను. ఆమె దాన్ని తిరిగి నాకే ఇచ్చేసి, "వాని మిద్దె, వాని ఎండ. గలాటా ఎందుకులే" అంది. ఆ మాటకు ఆయన మీద వచ్చిన కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

ఈ ఏడాది మా అంగట్లో ప్యాకెట్ ఒడియాలు వేలాడుతున్నాయి. అవ్వ ఒడియాలు అడిగినవాళ్లకు మా ఆయన అవే ఇస్తున్నాడు. మొన్న అత్త ఒక ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, ఏం రాసుందో చదవమంది.

"స్వచ్ఛమైన ఎండలో ఎండబెట్టినవి" అని చదివాను.

ఆమె ప్యాకెట్‌ను మళ్లీ కొక్కేనికి తగిలించింది.

"ఎవురి మిద్దె మీదో" అంది.