రెండు పుంజులున్న పెరడు

టైలరమ్మ ఆ యేడు కుట్టిన బట్టల్లో విప్పి మళ్ళీ కుట్టినవే ఎక్కువ. ఆమె మిషన్ పెరటి కిటికీని ఆనుకుని ఉండేది. నాలుగు కుట్లు పడ్డాయో లేదో, బయట రెక్కలు టపటపలాడేవి. అంతే, చేతికందిన స్కేలు పట్టుకుని పరుగు. తిరిగొచ్చి కూర్చున్నా మనసు కుట్టు మీద నిలిచేది కాదు. ఒకసారి ఎవరి పిల్లాడి స్కూలు చొక్కాకో రెండూ ఎడమ చేతులే అతికించి పంపించింది.

పెరట్లో మూడు పెట్టలు, రెండు పుంజులు. ఎర్రపుంజు అత్తగారిది. ఎన్నాళ్ళ నుంచో ఆ పెరడంతా దాని రాజ్యమే. అత్తగారు దాన్ని పేరు పెట్టి పిలిచేది కాదు, ‘పెద్దాయన’ అనేది. తెల్లపుంజు టైలరమ్మది. తల్లికోడి పొడిచి తరిమేసిన పిల్లని తెచ్చి, మిషన్ కింద పీలికల డబ్బాలో పెట్టి, నూకలు అరచేతిలో పోసి పెంచింది. అందరికీ అది ‘బుడ్డోడు’. పెద్దాయన కంటే జానెడు ఎత్తు ఎదిగినా ఆ పేరు పోలేదు.

బుడ్డోడి గొంతు విచ్చుకుని కూత వచ్చేదాకా ఏ గొడవా లేదు. కూత వచ్చిన దగ్గర్నుంచి రెండింటికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది.

టైలరమ్మ భర్త ఓ గోదాముకి రాత్రి వాచ్‌మన్. పగలే అతని నిద్ర. పుంజులు కలబడినప్పుడల్లా దిండు నెత్తిన పెట్టుకుని గదిలోంచి అరిచేవాడు.

“రాత్రంతా కాపలా కాసొస్తే, పగలు మనింట్లోనే దొంగలు పడ్డట్టుందేమిటే ఈ గోల!”

“నన్నంటే ఏం లాభం? మీ అమ్మగారి పెద్దాయన్ని అడగండి,” అనేది టైలరమ్మ.

“మధ్యలో నా పెద్దాయనేం చేశాడు?” అని అత్తగారు అందుకునేది. “నీ బుడ్డోడు నిన్నగాక మొన్న గుడ్డులోంచి ఊడిపడ్డాడు. పెద్దంతరం చిన్నంతరం ఉండొద్దూ?”

టైలరమ్మ చెయ్యని ప్రయత్నం లేదు. గింజలు రెండు మూలలా వేరువేరు గిన్నెల్లో పెట్టింది. దేని గిన్నె అది వదిలేసి ఎదుటిదాని గిన్నె మీదకి పోయేవి. కుండెడు నీళ్ళు గుమ్మరించింది. తడిసిన ఈకలతోనే కొట్టుకున్నాయి. బుడ్డోణ్ణి గంప కింద మూసింది. అది గంపతో సహా తాబేలులా పెరడంతా తిరిగింది.

చివరికి కోళ్ళ దుకాణం అతన్ని అడిగింది. “ఒకటి నాకిచ్చెయ్యమ్మా, ఈ పూటతో తీరిపోతుంది,” అన్నాడతను. ఆమె చూసిన చూపుకి తడుముకుని, “అలా కాదంటే, ఒకదానికొకటి కనబడకుండా చెయ్యి. చూస్తేనే వాటికి ఒళ్ళు మండేది,” అన్నాడు.

టైలరమ్మ మిగిలిన పీలికలూ గోనెపట్టాలూ కలిపి, రెండేసి కుట్లు వేసి, పెరటికి అడ్డంగా పెద్ద తెర కుట్టింది. నిద్రకళ్ళతో భర్త గుంజలు పాతిపెట్టాడు. పెట్టల్ని రోజు విడిచి రోజు అటూ ఇటూ మార్చాలని అత్తాకోడళ్ళు ఒప్పందం చేసుకున్నారు. కూతలు మాత్రం ఆగలేదు గానీ నెత్తురు ఆగింది.

కానీ పెట్టలు అవతల ఉన్న రోజు పెద్దాయన ముక్కు తెరకి ఆనించి నిలబడేది. గింజ ముట్టేది కాదు. అది చూస్తే అత్తగారికి ముద్ద దిగేది కాదు. “సొంతింట్లో పరాయివాడైపోయాడు,” అని గొణుక్కునేది. ఓ మధ్యాహ్నం కోడలు కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళిన సమయం చూసి, ఒక్క పెట్టనైనా ఇటు పంపుదామని తెర అంచు ఎత్తింది. పెట్ట కంటే ముందు బుడ్డోడు దూరింది.

టైలరమ్మ వీధి మలుపులో ఉండగానే అత్తగారి కేకలు వినిపించాయి. వచ్చేసరికి అత్తగారు చేతికర్ర గాల్లో తిప్పుతూ ఏడుస్తోంది. పెద్దాయన నేల మీద ఒరిగిపోయింది. బుడ్డోడు ఇంకా వదల్లేదు. టైలరమ్మ వెళ్ళి దాన్ని రెండు చేతులా పట్టుకుంది. అది గింజుకుని, కాలి ముల్లుతో ఆమె మణికట్టు నుంచి మోచేతి దాకా చీరేసింది. నూకలు తినిపించిన చేతినే. నొప్పి ఆమెకి వెంటనే తెలియలేదు. దాని కళ్ళలోకి చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు పొద్దున పెద్దాయన కనబడలేదు. టైలరమ్మ మంచం కిందా ధాన్యం గుమ్మి వెనకా వెతుకుతుంటే, డ్యూటీ దిగి స్నానానికి వెళ్ళిన భర్త కెవ్వుమన్నాడు. బోర్లించిన బకెట్ మీద ముడుచుకుని కూర్చుంది పుంజు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది.

“నేనే దాచాను,” అంది అత్తగారు. “ఓడినవాణ్ణే కదా ముందు కోసేది.”

“కోస్తామని ఎవరన్నారత్తయ్యా?”

“మొన్న వీడే అన్నాడు. రెంటినీ కోసి పారేస్తానని.”

“నిద్రలో అన్నది కూడా లెక్కేనా అమ్మా!” అన్నాడు కొడుకు, తువ్వాలు బిగించుకుంటూ.

టైలరమ్మ బాత్రూం గుమ్మంలో కూర్చుంది. అత్తగారు పుంజుని ఒళ్ళో పట్టుకుంటే ఉప్పునీళ్ళలో గుడ్డ ముంచి గాయాలు తుడిచింది. తుడుస్తూనే, “బుడ్డోణ్ణి పంపించేస్తాను,” అంది.

“నీ బుడ్డోణ్ణా?”

“ఈయనకింక ఒక కన్నేగా. కొత్తచోట నెగ్గుకురాలేడు. వాడైతే ఎక్కడైనా బతుకుతాడు.”

 అత్తగారు కోడలి చేతి మీద గాటు చూసి, అదే ఉప్పునీళ్ళలో తన కొంగు ముంచి అద్దింది.

వీధి చివర ఇస్త్రీ అతనికి పెట్టలున్నాయి, పుంజు లేదు. టైలరమ్మ బుడ్డోణ్ణి పాత చొక్కాలో చుట్టి చంకలో పెట్టుకుని వెళ్ళింది. దారంతా అది కిక్కురుమనలేదు. గుండె మాత్రం ఆమె పక్కటెముకలకి తగులుతూ కొట్టుకుంది.

“పొడుస్తాడామ్మా?” అడిగాడు ఇస్త్రీ అతను.

“పొడుస్తాడు.”

“మంచిది. ఇక్కడ కుక్కల బెడద ఎక్కువ.”

పెరడు సద్దుమణిగింది. భర్త పగలంతా గుర్రుపెట్టాడు. టైలరమ్మకే నిమ్మళం లేదు. చప్పుడుకి లేచినట్టే ఇప్పుడు చప్పుడు లేకపోతే లేచేది. వీధి చివర్నుంచి కూత వినిపిస్తే, అది కూతో కేకో తేల్చుకోలేక చెయ్యి ఆగిపోయేది. ఒకటి రెండుసార్లు వెళ్ళి చూసింది కూడా. బుడ్డోడు కంచె దాకా వచ్చి, ఆమె చేతిలో గింజలు లేవని చూసుకుని, పెట్టల్లోకి వెళ్ళిపోయింది.

“మళ్ళీ వెళ్ళి చూసిరా పో,” అని అత్తగారే అనేది. “ఊరికే ఆ మిషన్ని బాదకు.”

కొన్నాళ్ళకి నల్లపెట్ట పొదుగుకి వచ్చి గూట్లోంచి లేవనని మొరాయించింది. అత్తగారు గుడ్లు ఏరి తెచ్చింది.

“పెడదామా?”

“మళ్ళీ పుంజులైతే?”

“పెట్టలైతే?”

టైలరమ్మ ఒక గుడ్డు కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పింది. ఏమీ తెలియలేదు. ఒక్కొక్కటే పెట్ట కింద సర్దింది, అది పొడుస్తున్నా. లోపలికొచ్చి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. సగంలో వదిలేసి, తడిచేతులతోనే మళ్ళీ పెరట్లోకి, పెట్ట గూటి వైపు నడిచింది.